చారెడా, దోసెడా

నా తోడికోడలు గురించి మంచి మాటలు చెప్పమంటే చెప్పగలను. ముందు అవి చెప్పేస్తాను. ఆ తరువాత నా కడుపుమంట చెప్పుకుంటాను.

మనిషి సన్నగా, పొట్టిగా ఉంటుంది. చారెడేసి కళ్లు. ఆస్పత్రిలో ఫోన్ల దగ్గర ఉద్యోగం. రోజుకు రెండు వందల మందికి "ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అని చెబుతుంది. అవతలివాళ్లు ఎంత అరిచినా ఆ గొంతు మారదు. మూడో అంతస్తులో, కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ తప్ప ఏమీ కనబడని రెండు గదుల్లో పెరిగింది. లిఫ్టు మెకానిక్ అయిన మా మరిదిని చేసుకుని ఈ ఇంటికి వచ్చి తొమ్మిదేళ్లయింది. వచ్చిన కొత్తలో నేను డాబా మీద బెండ మొక్కలకు నీళ్లు పోస్తుంటే వెనకాలే వచ్చి నిలబడింది.

"అక్కయ్యా, బెండకాయలు కిందికి వేలాడవా? ఇలా పైకి నిక్కి ఉంటాయా?"

నాకు నవ్వాగలేదు. అప్పటి నుంచి చెల్లెమ్మా అని పిలిచి అన్నీ నేర్పాను. టమాటాకు పిలకలు ఎక్కడ తుంచాలో, మిరపకు ముడత ఎందుకు వస్తుందో, నీళ్లు ఎప్పుడు పోయకూడదో చెప్పాను. కొలతలు కూడా నేనే నేర్పాను. మా ఇంట్లో మట్టి పనికి చెంచాలు, కప్పులు ఉండవు. చిటికెడు, గుప్పెడు, చారెడు, దోసెడు, అంతే. ఒక్క అరచెయ్యి దొప్పలా చేసి తీసుకుంటే చారెడు, రెండు చేతులూ కలిపితే దోసెడు. పాపం మొదట్లో రెండూ కలిపేసేది. నేను దాని చేతులు పట్టుకుని, మట్టి పోసి మరీ చూపించాను.

మంచి మాటలు అయిపోయాయి.

రెండేళ్ల కిందట మా మరిది పాత లిఫ్టు తలుపు ఇనుముతో ఫోను పెట్టుకునే స్టాండు ఒకటి చేసిచ్చాడు. ఆ స్టాండు మా డాబా మీదికి వచ్చిన రోజే నాకు శని పట్టింది. పిలకలు తుంచడం మీద చెల్లెమ్మ మొదటి వీడియో పెట్టింది. పద్నాలుగు మంది చూశారు, అందులో తొమ్మిది మంది మా చుట్టాలే. నేను లోపల్లోపల నవ్వుకున్నాను. ఆరు నెలలు తిరిగేసరికి "చెల్లెమ్మ డాబా" ఛానెల్‌కు నలభై వేల మంది తయారయ్యారు. నా నవ్వు ఎటు పోయిందో తెలియదు.

చెల్లెమ్మ అని పేరు పెట్టింది ఎవరు? నేను. డాబా ఎవరిది? సగం నాది. అందులో చెప్పేది ఎవరి విద్య? మొత్తం నాది. పోనీ నన్ను మరిచిపోయిందా అంటే, తిట్టుకోవడానికి ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. ప్రతి వీడియోలో "మా అక్కయ్య చెప్పింది" అంటుంది. మా ఆయన దానికే మురిసిపోతాడు.

"ఇంకేం కావాలే నీకు? ప్రపంచమంతా నీ మాట వింటోంది."

"వింటోంది సరే, చూస్తోందా?" అన్నాను.

నిజం చెప్పాలంటే, ఒకసారి పిలిచింది. "అక్కయ్యా, వంగ మీద వీడియోలో నువ్వే మాట్లాడు" అంది. నేను చీర కొంగు దులుపుకుంటూ, "నాకెందుకమ్మా అవన్నీ, నీ పని నువ్వు చూసుకో" అన్నాను. ఇంకోసారి అడుగుతుందని, కాస్త బతిమాలుతుందని, అప్పుడు సరేనందామని నా లెక్క. అది "నీ ఇష్టం అక్కయ్యా" అని మళ్లీ అడగలేదు. ఆ రోజు నుంచి నేను నాకు నచ్చిన చీర డాబా మీదికి కట్టుకెళ్లడం మానేశాను.

నేను పనిచేసేది విత్తనాల కొట్లో. ఇరవై రెండేళ్లుగా అదే కౌంటరు. ఒకప్పుడు జనం మొక్క ఆకు తెచ్చి నా ముందు పెట్టి, "ఇదేం రోగమండీ" అని అడిగేవారు. ఇప్పుడు ఫోను తెచ్చి పెడుతున్నారు. "ఈ వీడియోలో ఇలా చెప్పారు, నిజమేనా? అసలు ఏ ఛానెళ్లు చూస్తే మంచిది?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. దాంతో మా కొట్టాయన ఒక అట్ట, స్కెచ్ పెన్ను తెచ్చి, ఇంటి తోటల వాళ్లు చూడదగ్గ ఛానెళ్లు రాసి గోడకు అంటించమన్నాడు.

నేను అన్నం తినే వేళ వారం రోజులు చూసి చూసి రాశాను. మాకు అలవాటైన ముద్దుపేర్లతోనే రాశాను. మొదట మట్టి మాస్టారు. ఆయన నలభై నిమిషాలు మట్టి గురించే మాట్లాడతాడు, కాని ఒక్క మాట తప్పు ఉండదు. తరువాత మిరప మామ, ఆయనకు మిరప తప్ప ఇంకో మొక్క కనబడదు. ముఖం చూపించకుండా రెండు చేతులు, ఒక కత్తెర మాత్రమే చూపించే కత్తెరమ్మ. పురుగుల పేర్లు చెప్పేటప్పుడు ముద్దొచ్చే కుర్ర శాస్త్రవేత్త. బాల్కనీలో మొక్కలు పెంచుతూ మధ్యలో పోట్లాడుకునే మొగుడూ పెళ్లాలు. వాళ్ల పోట్లాటలో కూడా ఎరువుల సంగతి నేర్చుకోవచ్చు. అలా ఏడు రాశాను. అట్ట మీద ఎనిమిదోదానికి కూడా చోటుంది. ఆ చోటులో ఒక పువ్వు బొమ్మ వేశాను.

మా కొట్టుకు వచ్చేవాళ్లలో పళ్ల డాక్టరు ఒకాయన ఉన్నాడు. తన ఆస్పత్రి మేడ మీద నలభై కుండీలు పెట్టాడు. ఆయన అట్ట అంతా చదివి నా వైపు తిరిగాడు.

"ఏంటండీ, ఇందులో చెల్లెమ్మ డాబా లేదేంటి?"

"ఉండాలా?" అన్నాను.

"అయ్యో, అన్నిటికంటే అదే మంచిది. ఎంత తేలిగ్గా చెబుతుందో! ఖాళీ దొరికినప్పుడు మీరు కూడా చూడండి, మీ ఉద్యోగానికి బాగా పనికొస్తుంది."

ఇరవై రెండేళ్లు కౌంటరు వెనక నిలబడ్డ మనిషిని, నా దగ్గరే నేర్చుకున్నదాన్ని చూసి నేర్చుకోమన్నాడు. ఆయన బీర గింజలు కాగితంలో చుట్టిచ్చాను. పళ్లు పటపట కొరికాను, పళ్ల డాక్టరు ముందే.

ఆ సాయంత్రం డాబా మీదికి వెళ్లేసరికి చెల్లెమ్మ స్టాండు ముందు గొంతుక్కూర్చుని ఉంది. పదకొండు బకెట్ల కుండీల్లో టమాటా నారు వరసగా నిలబడి ఉంది. పక్కన ఒక గోనె సంచిలో ఎండిన కోళ్ల ఎరువు. అది వేడి ఎరువు. కాస్త ఎక్కువైతే మొక్క వేళ్లు మాడిపోతాయి. చెల్లెమ్మ తల తిప్పి అడిగింది.

"అక్కయ్యా, బకెట్ కుండీకి కోళ్ల ఎరువు ఎంత?"

చారెడు. ఆ మాట నా నాలుక చివరే ఉంది.

"దోసెడు" అన్నాను.

"దోసెడేనా అక్కయ్యా?"

"దోసెడే."

అది రెండు చేతులూ కలిపి ఎరువు తీసి, ఫోను వైపు చూపించి, "మా అక్కయ్య చెప్పింది, బకెట్‌కి దోసెడు" అని నవ్వుతూ కుండీలో పోసింది. నేను నా వంగ మొక్కల దగ్గరికి వెళ్లి ఆకులు తిరగేసి చూస్తున్నట్టు నటించాను. ఆపు అనలేదు. అనాలనిపించలేదు కూడా.

వారంలో దాని పదకొండు మొక్కలూ అంచులు గోధుమరంగు తిరిగి ముడుచుకున్నాయి. నాకు జాలి వేయలేదు. హాయిగా ఉంది. పదో రోజున పళ్ల డాక్టరు మందుల డబ్బాలో మాడిన ఆకులు వేసుకుని వచ్చాడు.

"చెల్లెమ్మ డాబా చూసి వేశానండీ. మొత్తం పోయాయి."

"అయ్యయ్యో" అని ముఖం వీలైనంత దీనంగా పెట్టి, కొత్త టమాటా గింజలు ఇచ్చాను. ఆయన బయటికి వెళ్లగానే ఫోను తీసి, కొన్నాళ్లుగా పంతం కొద్దీ తెరవని చెల్లెమ్మ ఛానెల్ తెరిచాను. కింద జనం రాసినవి చదువుదామని. చివాట్లన్నీ దానికి పడి ఉంటాయనుకున్నాను.

పడలేదు. "చెల్లెమ్మా, నీ తప్పేం లేదు, ఆ అక్కయ్య మాట నమ్మావు." "ఎవరండీ ఈ అక్కయ్య, ఈవిడకు మొక్కలంటే తెలుసా?" "ఇకనుంచి అక్కయ్యను అడగడం మానెయ్." ఇలా మూడు వందలు. మూడు వందల మంది నన్నే తిట్టారు. నేను విసిరిన బంతి గోడకు తగిలి తిరిగొచ్చి నా ముఖానికే కొట్టింది.

రెండు రోజుల తరువాత కొత్త వీడియో వచ్చింది. కౌంటరు కింద ఫోను పెట్టుకుని చూశాను. చెల్లెమ్మ మాడిపోయిన కుండీల మధ్య కూర్చుని ఉంది. ఆస్పత్రి ఫోన్లో మాట్లాడే గొంతుతోనే చెప్పింది.

"మా అక్కయ్యను ఎవరూ ఏమీ అనకండి. ఆవిడ చారెడనే చెప్పింది. నేనే సరిగ్గా వినకుండా దోసెడు అన్నాను. తప్పు నాది. మీ మొక్కలు పోయినందుకు క్షమించండి."

నేను మళ్లీ మళ్లీ చూశాను. పాపం పిచ్చిది, నిజంగానే తప్పు విన్నాననుకుంటోందని సిగ్గేసింది. దాని చెవుల మీద దానికే అనుమానం వచ్చేలా చేశాను కదా అనిపించింది. కొట్టాయనకు తలనొప్పి అని చెప్పి పొద్దుండగానే ఇంటికి వచ్చేశాను.

అది డాబా మీద మాడిన మొక్కలు పీకి, కుండీల్లో మట్టి తిరగబోస్తోంది. నేను మెట్ల దగ్గరే నిలబడిపోయాను.

"చెల్లెమ్మా, నువ్వు తప్పు వినలేదే. నేను దోసెడనే అన్నాను."

"తెలుసక్కయ్యా."

"ఎలా తెలుసు?"

"ఫోను ఆన్‌లోనే ఉంది కదా. జనానికి చూపించింది సగమే. మొక్కలు మాడాక, ఎందుకైనా మంచిదని మొత్తం మళ్లీ విన్నాను. నీ గొంతు స్పష్టంగా పడింది. రెండుసార్లు అన్నావు."

"మరి నీ తప్పని ఎందుకు చెప్పావు?"

"ఇంటి సంగతి నలభై వేల మందికి ఎందుకని." మట్టి చేతుల్తోనే నుదుటి మీది చెమట తుడుచుకుంది. ఆ చారెడేసి కళ్లు ఎత్తి నన్ను చూసింది. "పనిలో ఉండి ఏదో పరధ్యానంగా అన్నావులే అనుకున్నా. అంతే కదా అక్కయ్యా?"

దారి చూపించింది. ఊ అంటే చాలు. అక్కడితో అయిపోయేది. నా జీవితంలో ఇంత సులువైన అబద్ధం ఇంకెవరూ నా చేతికి అందించలేదు. కాని ఆ కళ్లలోకి చూస్తూ ఊ అనలేకపోయాను.

"కాదు" అన్నాను. "కావాలనే అన్నాను. నిన్ను చూస్తే నాకు కుళ్లు."

అరుస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. అది చేతిలో మట్టి కుండీలో పోసి, రెండో కుండీ తీసుకుంది. నేను సాయం చేద్దామని వంగితే, "నేను చేసుకుంటాలే అక్కయ్యా" అంది. ఫోన్లో "లైన్లో ఉండండి" అనేటప్పటి గొంతు అది.

ఇది జరిగి నాలుగు నెలలయింది. మా మధ్య మాటల్లేవని కాదు. నన్ను అక్కయ్యా అనే పిలుస్తుంది. కొత్త టమాటాలు కాస్తే ముందు నాలుగు మా వంటింట్లో పెట్టి వెళుతుంది. ఎవరైనా చూస్తే తోడికోడళ్లంటే వీళ్లే అనుకుంటారు. ఛానెల్ కూడా చక్కగా సాగుతోంది, యాభై వేలు దాటిందట. అట్ట మీద పువ్వు కొట్టేసి ఎనిమిదో పేరు రాశాను. చెల్లెమ్మకు ఆ సంగతి చెప్పలేదు, అది అడగనూ లేదు.

వీడియోల్లో ఇప్పుడు చారెడు, గుప్పెడు అన్న మాటలు లేవు. యాభై గ్రాములు అంటుంది, ఇరవై గ్రాములు అంటుంది. మా అక్కయ్య చెప్పింది అన్న మాట కూడా లేదు. పళ్ల డాక్టరు, "ఇప్పుడు ఇంకా బాగుందండీ, ఖచ్చితంగా చెబుతోంది" అని మెచ్చుకుంటున్నాడు.

స్టాండు పక్కన పీట మీద అరచేయంత త్రాసు ఒకటి కొని పెట్టుకుంది. ఎరువు పోసి, వంగి, దాని అంకెల వైపు చూస్తూ "ఎంత?" అంటుంది. నేను నాలుగడుగుల దూరంలో నా వంగ మొక్కల దగ్గర నిలబడి ఉంటాను. ఎంతో నాకు తెలుసు. త్రాసు కంటే ముందే తెలుసు. అయినా చెల్లెమ్మ దాన్నే అడుగుతుంది. దాని మాటే నమ్ముతుంది. ఆ అరచేయంత త్రాసును చూస్తే నాకు ఒళ్లంతా కుళ్లు.