ఆరు కొనల స్టార్

నా చిన్నప్పుడు, ఎల్లారెడ్డిలో మూడో తరగతి చదివే రోజుల్లో, లెక్కలన్నీ సరిగ్గా చేసినవాళ్ల మణికట్టు మీద మా టీచరమ్మ ఎర్ర పెన్నుతో స్టార్ గీసేవారు. స్టార్ వచ్చినవాళ్లు రెండు రోజులు ఆ చెయ్యి పైకెత్తి పట్టుకుని స్నానం చేసేవాళ్లు. నాకు ఆ ఇబ్బంది ఎప్పుడూ రాలేదు.

రాకపోతే ఏం, ఎర్ర పెన్ను నాకూ దొరుకుతుంది. ఒక శనివారం బడి నుంచి వస్తూ దారిలో ఆగి నాకు నేనే ఒకటి గీసుకున్నాను. పని సులువుగా ఉండటంతో ఇంకో రెండు గీశాను.

మా అమ్మ బీడీలు చుట్టేది. చదువు రాదు. వాకిట్లో చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న ఆడవాళ్లందరికీ నా చెయ్యి చూపించింది. "ఒక్క దినమే మూడు ఇచ్చిండ్రంట!" అంది. అక్కడితో ఆగితే బాగుండేది. "సోమవారం బీడీలు అప్పజెప్పి బడికొస్త. టీచరమ్మకు దండం పెట్టాలె" అంది. దొంగతనం బయటపడుతుంది. ఆదివారమంతా జ్వరం తెచ్చుకోవాలని గట్టిగా ప్రయత్నించాను. లెక్కల్లాగే అదీ రాలేదు.

సోమవారం అమ్మ వచ్చింది. టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని చూశారు. ఆవిడ స్టార్‌కు ఐదు కొనలు, నావాటికి ఆరు. గీసే ముందు లెక్కపెట్టాలని తోచకపోవడమే నా అసలు సమస్య. ఆవిడ నా ముఖం చూశారు. నేను గోడ చూశాను.

"స్టార్ల ముచ్చట ఉండనీ అమ్మా" అంటూ ఆవిడ నా నోటుబుక్కు తెరిచారు. "కూడేటప్పుడు పది దాటితే ఒకటి పక్క వరుస మీద వెయ్యాలె. మొన్నటిదాక మీ పిల్లగాడు ఒక్క లెక్కల గూడ వెయ్యలే. శనివారం ఎనిమిదింట్ల మూడింట్ల వేసిండు. ఇంక ఐదు ఉన్నయి."

అమ్మ ఆ పేజీని కాసేపు చూసింది. "మా కార్ఖానల బాగలేని బీడీలు తీసి అవతల పారేస్తరు టీచరమ్మా. ఏం బాగలేదో చెప్పరు. మీరు చెప్పిండ్రు" అని, దండం పెట్టి వెళ్లిపోయింది.

టీచరమ్మ నన్ను బోరింగు దగ్గరికి పంపి చెయ్యి కడుక్కోమన్నారు. తిరిగొచ్చేసరికి నోటుబుక్కులో రాసి ఉంది: మూడింటిలో వేశావు, ఐదింటిలో మర్చిపోయావు. నా గురించి బడిలో ఒకరు అంత వివరంగా రాయడం అదే మొదటిసారి. మర్నాడు రెండింటిలోనే మర్చిపోయాను.

అన్నట్టు, ఆ సోమవారం సాయంత్రం అమ్మ బీడీకి దారం చుడుతూ, తలెత్తకుండానే, "ఎర్ర పెన్ను ఏడ దాసినవ్‌రా?" అంది. తెచ్చి ఇచ్చాను.

ఇప్పుడు భిక్నూర్ వైపు ఒక బడిలో నేనే లెక్కలు చెబుతున్నాను. స్టార్లు నేనూ గీస్తాను, లేకపోతే పిల్లలు ఊరుకోరు. కానీ నోటుబుక్కులో మాత్రం ఏం కుదిరిందో, ఏం మిగిలిందో ఒక్క ముక్క తప్పకుండా రాస్తాను. పోయిన వారం ఒకడు మణికట్టు మీద ఆరు కొనల స్టార్‌తో వచ్చి, గోడ చూస్తూ నిలబడ్డాడు.

"నోటుబుక్కు తియ్‌రా" అన్నాను.