దేవుడమ్మ కుడిచెయ్యి

గొలుగొండ దేవుడమ్మకు కుడిభుజం పట్టేసి ఏడాది దాటింది. చెయ్యి చెవి దాకా కూడా లేచేది కాదు. నూనెలూ మాత్రలూ అన్నీ అయ్యాయి. అసలు చిక్కు జడతో వచ్చింది. తన జడ తను వేసుకోలేకపోయేసరికి మొగుడు లోవరాజు దువ్వెన పట్టాడు. గాలికి పడిపోకుండా చెరకు దుబ్బులకు జడచుట్లు వేయడంలో చెయ్యి తిరిగినవాడు. పెళ్ళాం జుట్టునీ అలాగే బిగించాడు.

"మావా, అది తల! తోట కాదు!" అని ఆమె వీధంతా వినబడేలా అరిచింది.

చివరికి నర్సీపట్నంలో ఫిజియోథెరపీ చేసే సత్యశ్రీ దగ్గరికి వెళ్ళారు. కరెంటు పెట్టి నొప్పి లాగేస్తుందని దేవుడమ్మ ఆశ. ఆ పిల్ల ఆమెను గోడవైపు తిప్పి నిలబెట్టింది.

"వేళ్ళతో గోడ ఎక్కండమ్మా, చీమ పాకినట్టు. రోజూ ఇంకాస్త పైకి."

"దీనికి ఇంత దూరం రావాలేటమ్మా? మా ఇంట్లో గోడలు నేవా?"

"అయితే ఇంట్లోనే చెయ్యండి. నొప్పి ఒక్కసారే పోదు. దానికి భయపడి చెయ్యి కదపకపోతే మాత్రం ఇంకా బిగుసుకుపోతుంది."

నమ్మకం లేకుండానే మొదలుపెట్టింది. వేన్నీళ్ళ కాపడం, తర్వాత గోడ. వానలు వెళ్ళి చలి వచ్చేసరికి చెయ్యి నెత్తి దాటింది. నొప్పి ఉంది గానీ, మునుపటిలా నిద్ర చెడగొట్టడం లేదు. ఈ సంగతి మొగుడికి మాత్రం చెప్పలేదు. ఈలోగా లోవరాజు చెయ్యి మెత్తబడింది మరి. పొద్దున్నే ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, చిక్కులు తీస్తూ తోట కబుర్లన్నీ చెబుతున్నాడు. కాపరానికి వచ్చాక ఆయన అంతసేపు ఆమెతో మాట్లాడింది ఇప్పుడే.

ఒకరోజు మళ్ళీ సత్యశ్రీ దగ్గరికని ఇద్దరూ రోడ్డెక్కారు. షేర్ ఆటో ఆగకుండా పోతోంది. దేవుడమ్మ కుడిచెయ్యి నిటారుగా ఎత్తి, "ఓరి, ఆపరా!" అని కేకేసింది. ఆటో ఆగింది. లోవరాజు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

"ఏటే ఆ సెయ్యి?"

దేవుడమ్మ చటుక్కున చెయ్యి దించి, "అమ్మో, నొప్పి!" అంది, ఎడమభుజం పట్టుకుని.

దారంతా లోవరాజు ఆమె కుడిచెయ్యి వంకే చూశాడు. కోపమొచ్చిందేమోనని ఆమె బితుకుబితుకుమంటూ కూర్చుంది.

సత్యశ్రీ భుజం పట్టి చూసి, "చాలా నయం. ఇక మీ పనులన్నీ మీరే చేసుకోండమ్మా" అంది.

లోవరాజు గొంతు సవరించుకున్నాడు. "అన్నీ ఒద్దమ్మా. ఒక పని నాకు ఒగ్గీమని సెప్పు."

"ఏ పనండీ?"

"ఏటీ నేదమ్మా!" అంది దేవుడమ్మ, చెంగుతో మొహం తుడుచుకుంటూ. "బేగి పంపీ. మళ్ళీ ఆటో ఎల్లిపోద్ది."