పస్తుపెట్టి నిద్రపుచ్చే అక్క

ల్యాబులో నాకు పని నేర్పిన అక్క సొంతూరు ఎల్లారెడ్డి. అంతరించిపోతున్న అడవిపిల్లుల చర్మకణాలను క్లోనింగ్‌కు సిద్ధం చేసేది. పెంపుడు పిల్లి అండంలోకి పంపేముందు ఈ కణాలు పెరగడం ఆపి నిద్రలోకి జారాలి. అందుకని వాటికి పోషకాలు తగ్గించి పస్తు పెట్టాలి. కణాలున్న గిన్నెకు మూత పెడుతూ అక్క ఎప్పుడూ, "ఇగ పండుకోండ్రి బిడ్డా, ఏమనుకోకుండ్రి" అనేది. ఆ మాటకు మేం నవ్వితే తనూ నవ్వేది.

ఒక చలికాలం, కామారెడ్డికి ఇవతల భిక్నూర్ దగ్గర హైవే మీద లారీ గుద్ది ఒక అడవిపిల్లి చనిపోయిందని కబురొచ్చింది. వెళ్లాం. చెవి అంచు నుంచి చిన్న ముక్క కోసుకున్నాక అక్క దాని పొట్ట నిమిరి ఆగిపోయింది.

"పాలున్నయే దీనికి. పిల్లలు ఈడనే యాడనో ఉంటయి."

పక్కనున్న మక్కజొన్న చేన్లలో సాయంత్రం దాకా వెతికాం. కూనలు దొరకలేదు. చీకటి పడ్డాక ఆ చెవిముక్కతోనే తిరిగొచ్చాం.

ఆ చెవిముక్క నుంచి కణాలు బాగానే పెరిగాయి. కానీ ఎన్నిసార్లు ప్రయత్నించినా పెంపుడు పిల్లి కడుపులో పిండం నిలవలేదు. ఇంకోసారి పోయిందని తెలిసిన రోజు అడిగాను: "ఇంక ఆపేద్దామా అక్కా?"

ఆమె గోడకు ఆనుకుని కూర్చుని కళ్లు మూసుకుంది.

"నాకూ చాతనైతలేదు. కానీ ఆపితే, అది ఇంకా గా రోడ్డు మీదనే పడి ఉన్నట్టు అనిపిస్తది."

కాసేపటికి లేచి, చేతులు కడుక్కుని, కొత్త గ్లౌజులు తొడుక్కుంది.

ఆమె రిటైరయ్యేదాకా ఒక్క కూనా పుట్టలేదు. ఇప్పుడు ఆ కణాలను నేను పెంచుతున్నాను.