ఫోటోలో కనబడని ఐదోవాడు

మేం పనికొచ్చిన ఈ దేశంలో, క్లెమెంటిలో ఒక అపార్ట్‌మెంట్ బ్లాక్ కింద తీసిన ఫోటో మన తెలుగువాళ్ల ఫోన్లలో ఇంకా తిరుగుతూనే ఉంది. అందులో నలుగురు మగవాళ్లు పొడవు ప్రకారం వరసగా నిలబడి ఉంటారు. ముగ్గురి తలలు కుడి చివరి మనిషి వైపు తిరిగి ఉంటాయి. ఆయన మాత్రం నేరుగా మన కళ్లలోకి చూస్తుంటాడు. చేతిలో "యుద్ధం వద్దు" అని రాసిన అట్ట. నాయకుడనిపించుకోవాలని ఆయనే అందరినీ అలా నిలబెట్టాడని, అందుకే ఉద్యోగం పోగొట్టుకున్నాడని ఇక్కడ చెప్పుకుంటారు. అది నిజం కాదు. నిలబెట్టింది నేను.

ఆయన్ని మేం సాబ్ అనేవాళ్లం. ఫిరంగి దళంలో సుబేదారుగా రిటైరై, జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంటుకి సేఫ్టీ సూపర్‌వైజరుగా వచ్చాడు. నేను వైర్‌లెస్ చూసే సిగ్నల్స్ దళంలో హవల్దారుగా చేసి, చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు సర్వర్లు చూసుకునే పనిలో కుదురుకున్నాను. ఫోటోలోని మిగతా ముగ్గురూ మిలిటరీ వదిలి వచ్చినవాళ్లే. మాలో మాకు పేర్లు తక్కువ, దళాలే ఎక్కువ. నన్ను సాబ్ 'సిగ్నల్' అని పిలిచేవాడు.

"మీవోళ్లు యుద్ధాన్ని చెవుల్తో చూస్తార్రా. మాకు ఆ భాగ్యం కూడా లేదు, ఫిరంగి మోతకి ముందు పొయ్యేది చెవులే" అని, వినబడే కుడి చెవిని నా వైపు తిప్పి నవ్వేవాడు.

ఆ ఏడు మన దేశం సరిహద్దులో మళ్లీ కాల్పులు మొదలయ్యాయి. అపార్ట్‌మెంట్లు కూలే వీడియోలు మా తెలుగు కుటుంబాల గ్రూపులో పండగ ఫోటోల్లా వచ్చేవి. ఇంకా కొట్టాలి అని ఒకరు, అణుబాంబు ఎందుకు దాచుకున్నట్టు అని ఇంకొకరు. రాసేవాళ్లలో ఎవరూ తుపాకీ పట్టినవాళ్లు కారు. పట్టినవాళ్లం మనం మాట్లాడకపోతే ఎట్లా అని సాబ్ మమ్మల్ని పోగేశాడు.

ఈ దేశంలో అనుమతి లేకుండా ఒక్కడు అట్ట పట్టుకుని బయట నిలబడినా అది సభ కిందికే వస్తుంది. వర్క్ పాస్ మీద బతికే మాకు ఆ దారే లేదు. అందుకని సాబ్ ఒక పద్ధతి పెట్టాడు. ఆదివారం ఎవరైనా భోజనానికి పిలిస్తే మాలో ఒక్కడే వెళ్లాలి. అన్నాలయ్యాక, తాను కళ్లతో చూసిన ఒక్క సంగతి చెప్పి వచ్చేయాలి. మెడల్స్ వద్దు, ఫోటోలు వద్దు, ఇద్దరు కలిసి వెళ్లకూడదు.

సాబ్ ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు. తమ ఫిరంగులు నేలమట్టం చేసిన శత్రువుల పోస్టు మీదికి ఎక్కి చూస్తే, పొయ్యి మీద కుక్కరు ఇంకా వేడిగా ఉందట. మూత తీస్తే పప్పు ఉడికి ఉంది. తినాల్సినవాళ్లు చుట్టూ ఉన్నారు. అంతవరకు చెప్పి ఆయన మంచినీళ్లు అడిగేవాడు. ఆ ఇళ్లలో కొందరు వీడియోలు పంపడం మానేశారు.

జులైలో క్లెమెంటి నుంచి ఒక ఇంజనీరు పిలిచాడు. చాలా కుటుంబాలు వస్తున్నాయి, ఐదుగురూ రండి అన్నాడు. సాబ్‌కి ఇష్టం లేదు.

"పాస్ రెన్యువల్‌కి ఇచ్చినా అబ్బాయ్. అది పోతే యీ వయసులో నాకెవుడిస్తాడు పని? ఈ నెల మెల్లగా పోదాం" అన్నాడు.

ఒక్కసారికి ఏమవుతుంది సాబ్ అని ఒప్పించింది కూడా నేనే.

వేర్వేరు రైళ్లలో వెళ్లి బ్లాక్ కింద లిఫ్టు దగ్గర కలిశాం. మబ్బు పట్టి గాలి ఆగిపోయింది. హాల్లో గోడకి పెట్టడానికని భార్య రాసిన అట్టతో ఇంజనీరు ఎదురొచ్చాడు. దాన్ని నా చేతికిచ్చి, పైకి వెళ్లేముందు ఒక్క ఫోటో సార్, గ్రూపులో పెట్టను అన్నాడు. సాబ్ వద్దని చెయ్యి ఊపాడు. సరిగ్గా అప్పుడే, ఇక్కడి నేషనల్ డే రిహార్సల్ యుద్ధవిమానాలు బ్లాకుల మీదుగా వచ్చాయి. స్తంభాలు అదిరాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. మేం ఐదుగురం ఒక్కసారిగా మెడలు లోపలికి లాక్కున్నాం.

భయమేసినప్పుడు మిలిటరీవాడికి తెలిసిన మందు ఒకటే. అట్టని పక్కనున్న సాబ్ చేతిలో పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, "దాహినే సజ్" అని, అంటే కుడి చివరివాణ్ణి చూసి వరస సర్దుకోమని, అరిచాను.

హవల్దారు సుబేదారుకి ఆర్డరివ్వడం ఎక్కడా లేదు. అయినా ఆ మోతలో ఆయన ఒళ్లు కొత్తగా చేరిన రంగరూటుదైపోయింది. అందరికంటే పొడగరి కాబట్టి కుడి చివరికి వెళ్లి నిలబడ్డాడు. మిగతా ముగ్గురూ పొడవు చూసుకుని పక్కన చేరి, వరస సరిచూసుకోవడానికి తలలు కుడికి తిప్పారు. ఆ ఆర్డర్‌కి కుడి చివరివాడు తల తిప్పడు, ఎదురుగా చూస్తాడు. అది డ్రిల్లు. తెలియనివాళ్లకి మాత్రం ముగ్గురు అనుచరులు, ఒక నాయకుడు. ఆర్డరిచ్చినవాడు వరస బయట ఉంటాడు కాబట్టి నేను ఫోటోలో పడలేదు.

సాయంత్రానికల్లా అది గ్రూపులో ఉంది. ఎవరు పెట్టారో తెలియలేదు. వారం తిరక్కుండా పోలీసులు సాబ్‌ని పిలిపించి, ఈ జనాన్ని ఎవరు పోగేశారు అని అడిగారు. మర్యాదగానే అడిగారట. అక్కడికి వెళ్లేముందు హాకర్ సెంటర్‌లో, తిండి కొట్ల మధ్య, నన్ను కలిశాడు.

"పరేడ్‌లో ఏం జరిగినా జవాబు సీనియర్‌దిరా. ఇక్కడే ఉండిపోయే నీ పీఆర్ కాగితాలు ఆఫీసులో ఉన్నాయి. ఫోటోలో నువ్వు లేవు. లేనట్టే ఉండు."

కాదు సాబ్, నేనూ వస్తాను అనాల్సింది. నేను కాఫీ కలుపుకుంటూ కూర్చున్నాను. వెళ్లేటప్పుడు నేను ఆయన ఎడమ వైపు నడిచాను. అటువైపు ఏం చెప్పినా వినబడదని నాకు తెలుసు. అక్కడా ఏమీ చెప్పలేదు.

ఆయన పాస్ రెన్యూ కాలేదు. ఫోటో వల్లేనని ఎవరూ అనలేదు. కాదనీ అనలేదు. నా పీఆర్ వచ్చింది. మమ్మల్ని భోజనాలకి పిలవడం ఆగిపోయింది. మిగతా ముగ్గురూ నాకు ఫోన్ చెయ్యడం మానేశారు.

ఇదంతా రాస్తున్నానని చెప్పడానికి మొన్న సాబ్‌కి ఫోన్ చేశాను. ఇప్పుడు ఊళ్లో ఒక గోడౌన్‌కి కాపలా ఉంటున్నాడు. చివరిదాకా విని, రాసుకో అన్నాడు. తర్వాత అడిగాడు.

"ఈ ఆదివారం ఎవురింటికి పోతన్నావ్?"

ఎవరూ పిలవడం లేదు సాబ్ అన్నాను.

"మనల్ని పిలవకపోతే యుద్ధం రాకుండా ఆగుద్దంట్రా?" అన్నాడు.

ఆయన మాట పూర్తవుతుండగానే చెవి దగ్గర ఫోన్ వణికింది. మాట్లాడటమయ్యాక చూశాను. గ్రూపులో ఎవరో కొత్త వీడియో పెట్టారు. ఒక బిల్డింగు కూలుతోంది. వీడియో కింద అప్పటికే చప్పట్ల బొమ్మలు పడుతున్నాయి.