పెట్టె పెద్దవాడికి, తాళం చిన్నవాడికి

మామ్మగారు పోయారన్న వార్త చెన్నపట్నంలో నాకు రెండు ఉత్తరాలుగా అందింది. ఒకటి నాన్నగారు రాసినది, రెండవది బాబాయిగారు రాసినది. రెండూ ఒకే నాటి తపాలాలో వచ్చాయి. రెండింటిలోనూ సంగతి ఒకటే: రాత్రి మజ్జిగన్నం తిని పడుకున్నారు, తెల్లవారి లేవలేదు. నాన్నగారి ఉత్తరంలో బాబాయిగారి ఊసు లేదు. బాబాయిగారి ఉత్తరంలో నాన్నగారి ఊసు లేదు. ఒకే గోడకు చెరొక పక్క కూర్చుని రాసిన ఉత్తరాలవి. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వాను. మామ్మగారే బతికి ఉంటే, "ఒక కాగితం దండగ చేసేరు" అని ఊరుకునేవారు.

పోయినవారిని దేవతలను చేసి రాయడం మనలో ఒక ఆచారం. నేనా ఆచారాన్ని పాటించబోను. మామ్మగారు మొండి మనిషి. ఆవిడ పెట్టిన మాగాయలో ఉప్పు ఎప్పుడూ ఒక పాలు ఎక్కువే. పేకముక్కల్లో నిస్సంకోచంగా దొంగాట ఆడేవారు. అయినా మా కాలేజీ వాదసభలో నేను ఎదుర్కొన్న ఉద్దండులెవరికీ లేని ఒక శక్తి ఆవిడకుండేది. అదేమిటో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మా తాతగారు కుంపిణీ పటాలంలో హవల్దారుగా రంగూను యుద్ధానికి వెళ్ళి వచ్చినవారు. వచ్చేటప్పుడు ఒక పెద్ద టేకు పెట్టె తెచ్చారు. అందులో ఆయన ఎర్ర కోటు, బూట్ల జత, రాణీగారి ముఖమున్న పతకం, ఇంగ్లీషు కాగితాలు, ఒక బర్మా లక్క డబ్బా ఉండేవి. తిరిగి రాని తోటి సిపాయిల వస్తువులు కూడా కొన్ని ఉండేవి. పతకం ఏ సాహసానికి ఇచ్చారని ఎవరైనా అడిగితే తాతగారు దాపరికం లేకుండా చెప్పేవారట: "ఓడ దిగినవాళ్ళందరికీ ఇచ్చేరండి. నేనూ దిగేను." వీరగాథలు అల్లుకునే వంశాలవారు ఈ వాక్యాన్ని ఒకసారి మననం చేసుకుంటే మేలని నా అభిప్రాయం.

తాతగారు పోయాక, కొత్త కాలువ నీటి వంతు దగ్గర నాన్నగారికీ బాబాయిగారికీ తగవు వచ్చి, ఆస్తి పంపకాలదాకా పోయింది. పెద్దమనుషులు కూర్చున్నారు. పొలం పంచారు, కొబ్బరిచెట్లు పంచారు, ఇంటికి నడిమి గోడ పెట్టించారు. చివరికి పెట్టె తెరిచి అందులోవీ రెండు కుప్పలు పోశారు. ధర్మం ఒక్క వెంట్రుకవాసి తప్పకూడదన్న పట్టుదలతో కుడి బూటు నాన్నగారి కుప్పలో, ఎడమ బూటు బాబాయిగారి కుప్పలో పెట్టారు. మా సీమలో పంపకాలంటే అంత నిష్ఠ.

ఒంటి బూటు ఎవరికి పనికివస్తుందని అక్కడ ఎవరికీ తోచలేదు. మామ్మగారు మాత్రం ఆ రెండు బూట్లనూ చాలాసేపు చూశారట. తర్వాత అన్నారట: "అయ్యా, కుప్పలు వద్దు. అన్నీ మళ్ళీ పెట్టెలో పెట్టించి తాళం వేయించండి. పెట్టె పెద్దోడికి ఇవ్వండి. తాళం చిన్నోడికి ఇవ్వండి."

పుట్టెడు దుఃఖంలో మతి చలించిందనుకుని పెద్దమనుషులు సరేనన్నారు. మతి చలించినది ఎవరికో ఆ తర్వాతి విజయదశమికి తేలింది.

ఆ రోజు మామ్మగారు ఉమ్మడిగా మిగిలిన ఒకే ఒక్క అరుగు మీద కూర్చుని కేకేశారు: "పెద్దోడా, పెట్టె తే. చిన్నోడా, తాళం తే. మీ నాన్న సామాను పూజ చెయ్యాలి." తల్లి మాట కాదనలేక ఇద్దరూ వచ్చారు. ఏటా వచ్చారు. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. మాటలన్నీ ఆవిడ మీదుగానే నడిచేవి. ముందు బాబాయిగారు అందుకునేవారు:

"అమ్మా, ఆయన్ని కాస్త పక్కకి జరగమను. తాళం తీయాలి."

"ఆయ్, జరిగేనని చెప్పమ్మా. తాళానికి నూనె రాయమని కూడా చెప్పు."

"రాసేను. పెట్టె చెద పట్టకుండా చూసుకోమను ముందు."

మామ్మగారు ఒక్క మాటా మోసేవారు కారు. "వినపడిందిగా ఇద్దరికీ" అనేవారు. తర్వాత ఎర్ర కోటు తీయించేవారు. అది ఒక్కరి చేతుల్లో నిలిచే బరువు కాదు. చెరొక చెయ్యి పట్టుకుని దులపవలసిందే. దుమ్ముకు ఇద్దరూ ఒకేసారి తుమ్మేవారు. ఆ తుమ్ముతో ఏడాది బిగువు సగం సడలేది. పులిహోర వడ్డించే వేళకు, తాతగారు రంగూనులో పులి అనుకుని దున్నపోతును కాల్చిన కథ దగ్గర ఇద్దరూ నవ్వేవారు. మర్నాడు మళ్ళీ ఎవరి గోడ వారిది.

నాకు ఇంగ్లీషు వచ్చాక తాతగారి డిశ్చార్జి కాగితం చదివే పని నాకు పడింది. ప్రవర్తన మంచిదని దొర రాసిన చోట మామ్మగారు ఏటా నన్ను ఆపేవారు. "ఆ దొర చూసిందెన్నాళ్ళురా? కాపురం చేసినదాన్ని నేనుండగా నన్నడగకుండా ఎలా రాసేశాడు?"

కాట్రేనికోన నుంచి ఒక ముసలావిడ ఏటా ఆ రోజుకు పడవ మీద వచ్చేది. ఆమె కొడుకు తాతగారితో ఓడెక్కి, రంగూనులో జ్వరంతో పోయాడు. అతని కొమ్ము దువ్వెనను తాతగారు తెచ్చి ఇవ్వబోతే ఆమె పుచ్చుకోలేదు. "మాది సముద్రం ఒడ్డున గుడిసండి. ఉప్పెనొస్తే పోద్దండి. మీ పెట్టెలో ఉంటే ఏడాదికోసారి చూసుకెళ్తానండి" అన్నది. దువ్వెన చేతిలోకి తీసుకుని, కాసేపుంచుకుని, తిరిగి ఇచ్చి, పులిహోర మూట కట్టుకుని వెళ్ళేది.

ఇటువంటి వస్తువులు చెన్నపట్నంలో కొత్తగా వెలసిన వస్తుప్రదర్శనశాలలో ఉండదగినవని నేను మామ్మగారితో వాదించాను. నా పూర్వపక్షమూ సిద్ధాంతమూ పకడ్బందీగా ఉన్నాయి. అద్దాల బీరువాలు, చెద పట్టని అరలు, దేశదేశాల విద్వాంసుల పరిశీలన. ఆవిడ ఆసాంతం విన్నారు.

"బాగా చెప్పేవురా. నువ్వే గెలిచేవు" అన్నారు. "మరి ఆ కాట్రేనికోన ఆవిడ చెన్నపట్నం ఎలా వస్తాదో అదీ చెప్పు." నేను ఆలోచిస్తూ ఉండగానే, "సరే, తీరిగ్గా చెబుదువుగాని. ముందు ఆ పెట్టె అటు కొస పట్టు" అన్నారు.

ఆవిడ శక్తి అదే. వాదంలో ఓడిపోయి, పని మాత్రం చేయించుకునేవారు. "వస్తువు ఒకడి దగ్గరుంటే ఆస్తి, ఇద్దరి దగ్గరుంటే చుట్టరికం" అని ఒకసారి అన్నారు. ఈ సూత్రానికి శాస్త్రప్రమాణం లేదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

పొగ ఓడ దిగి, కాలువ పడవ పట్టుకుని నేను ఇల్లు చేరేసరికి పెద్దకర్మ అయిపోయింది. ఏటి సూతకం కనుక ఈ దసరాకు పూజ లేదు. నడిమి గోడ ఎంత ఉన్నదో అంతే ఉన్నది. పెట్టె ఇటు, తాళం అటు. పిలిచే మనిషి లేదు. ఇక ఆ పెట్టె ఎన్నటికీ తెరుచుకోదని అమ్మ వంటింట్లో మెల్లగా అన్నది.

మాసికం నాటి పొద్దున్న కాట్రేనికోన ఆవిడ వచ్చింది. మామ్మగారి సంగతి ఆలస్యంగా తెలిసిందట. ఖాళీ అరుగుకు దండం పెట్టి, కింద మెట్టు మీద కూర్చున్నది.

"పెద్దబాబుగారండీ, మళ్ళీ ఏటికి నేనుంటానో లేదో తెలీదండి. ఓపాలి దువ్వెన చూసుకెళ్తానండి."

నాన్నగారు నా వైపు చూశారు. బాబాయిగారితో ఆ మాట నేను వెళ్ళి చెప్పాలని దాని అర్థం. జీవితంలో ఏ సభలోనూ అంత నోరు కట్టుకుని కూర్చోలేదు నేను. మామ్మగారు మోయని మాట నేను మాత్రం ఎందుకు మోయాలి?

నాన్నగారు లేచి గోడ దగ్గరకు వెళ్ళారు. దగ్గారు. అటునుంచి కూడా దగ్గు వినిపించింది. అప్పుడు నాన్నగారు అన్నారు: "తమ్ముడూ, తాళం అక్కడే ఉందా?"

"ఉందన్నయ్యా." ఆ గొంతు గోడకు మరీ దగ్గరగా ఉన్నది, అప్పటికే వచ్చి నిలబడినట్టు. "పెట్టె ఒక్కడివీ ఎత్తకు. నడుం పట్టేస్తాది. వస్తున్నా."

ఇద్దరూ కలిసి పెట్టెను అరుగు మీదకు తెచ్చారు. తాళం ఎటు తిప్పాలన్న దాని మీద, ఎన్నో ఏళ్ళ తర్వాత నేరుగా ఒకరితో ఒకరు, కడుపారా పోట్లాడుకున్నారు. దువ్వెన చేతికి అందగానే ముసలావిడ దాన్ని ఎండకు ఎత్తి చూసింది. పళ్ళ సందున ఒక నల్లటి వెంట్రుక చిక్కుకుని ఉన్నది. నాకది అంతవరకూ తెలియదు. అప్పుడే సముద్రం వైపునుంచి గాలి లేచింది. నాన్నగారు ఇటునుంచి, బాబాయిగారు అటునుంచి ముందుకు వంగి, దీపానికి అడ్డం పెట్టినట్టు ఆ దువ్వెనకు చేతులు అడ్డం పెట్టారు.