తిరగరాసిన వాంగ్మూలం

మొన్న పొద్దున కాఫీ తాగుతూ ఫోన్ చూస్తుంటే, మా పెద్దాయన పోయారన్న వార్త కనబడింది. లండన్‌లో బారిస్టరు, ఆపైన పార్లమెంటు సభ్యుడు, చివరికి యుద్ధ నేరాల ప్రాసిక్యూటరు అని మూడు ముక్కల్లో తేల్చేశారు గానీ, సొంత పార్టీ ఒక యుద్ధానికి సై అంటే కాదన్నందుకు ఆయన సీటు పోగొట్టుకున్న సంగతీ, డెబ్బయ్యో ఏట మిషిగన్ మంచులో మాకు లా పాఠాలు చెప్పిన సంగతీ ఎవరూ రాయలేదు.

ఇరవయ్యేళ్ల కిందటి మాట. గుంటూరు కోర్టులో పన్నెండేళ్లు ప్రాక్టీసు చేసి, మావారి కార్ల కంపెనీ ఉద్యోగం వెంట ఫార్మింగ్టన్ హిల్స్ వచ్చి, నలభై దాటాక మళ్లీ లా కాలేజీ మెట్లెక్కిన నన్ను ఆయన సహాయకురాలిగా పెట్టుకున్నారు. అప్పుడాయన అంతర్జాతీయ యుద్ధ నేరాల న్యాయస్థానం కోసం ఒక సాక్షి వాంగ్మూలం రాయిస్తున్నారు. ఆమె ఐరోపాలో యుద్ధం నుంచి పారిపోయి వచ్చి, మా ఊళ్లోనే బట్టలు కుట్టుకుని బతుకుతోంది. తమ్ముణ్ణి ఆమె కళ్లముందే పట్టుకుపోయి చంపించిన సైన్యాధికారికి శిక్ష పడాలంటే ఆమె మాట నిలబడాలి.

నేను రాసింది చూసి నేనే మురిసిపోయాను. మన దగ్గర సాక్షి తడబడినచోట వకీలు సర్దిపెట్టడం మామూలే కదా, ఆ అలవాటుకొద్దీ ఆమె గుర్తులేదన్నవన్నీ తీసేసి, ముందువెనకలు కలిపి, టైముతో సహా నున్నగా కూర్చాను. పెద్దాయన చదివి కళ్లజోడు తీశారు. ఇందులో మాట్లాడుతున్నది నువ్వు, ఆమె కాదన్నారు. అవతలి వకీలు ఒక్క ప్రశ్నతో ఆమెను అబద్ధాలకోరును చేసేస్తాడనీ, వెళ్లి తప్పు నాదేనని ఒప్పుకుని మళ్లీ రాసుకు రమ్మనీ పంపేశారు. మొదటిసారి చెప్పినందుకే ఆమె రెండు రోజులు తిండి ముట్టలేదు, ఇక జన్మలో చెప్పనంది కూడా.

నాకు తలకొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి కాలేజీ మానేస్తానన్నాను.

"నువ్వు మానేస్తే ఆవిడ కేసేం కావాలి? చలికోటు వేసుకో, నేను డ్రైవ్ చేస్తా" అన్నారు మావారు.

ఆమె గుమ్మంలో నిలబడి జరిగింది చెప్పాను. తలుపు వేసేస్తుందనే అనుకున్నాను. ఆమె కుట్టుమిషను పక్కకు కుర్చీ లాగి, తనకు తెలియనివి కూడా ఈసారి రాయమంది. నాలుగు శనివారాలు కూర్చున్నాం. ఆమె గుర్తులేదన్న ప్రతిచోటా గుర్తులేదనే రాసి, పేజీ పేజీ చదివి వినిపించాకే సంతకం పెట్టించాను.

కోర్టులో అవతలి వకీలు రెండు రోజులు తిప్పితిప్పి అడిగాడు. తెలిసింది తెలుసనీ, తెలియనిది తెలియదనీ ఒకే గొంతుతో చెప్పిందామె. కొన్ని నెలలకు ఆ సైన్యాధికారికి శిక్ష పడింది. ఆ కబురు తెలిసిన సాయంత్రం ఆమె మా ఇంటికొచ్చి, తమ్ముడి పేరు పలికి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే కుర్ర లాయర్లు పట్టుకొచ్చే వాంగ్మూలాల్లో వెతికినా ఒక తడబాటు దొరకదు. అవి చదువుతుంటే చెప్పిన మనిషి ఏమైపోయాడా అని బెంగగా ఉంటుంది. విసుక్కుంటారని తెలిసినా తిప్పి పంపుతూనే ఉన్నాను. ఆ రోజు నేనూ పెద్దాయన్ని మనసులో ఎన్ని తిట్లు తిట్టుకున్నానో. అవన్నీ వెనక్కి తీసుకుంటున్నానని చెబుదామంటే, ఇప్పుడు ఆయన లేరు.