సలహా సంఘం ముందు మా గొంగడి

కాలేజీ స్టాఫ్ రూములో పేపరు చదవడం నా ఆరోగ్యానికి మంచిది కాదని మా ఆయన అంటాడు. చదివిన ప్రతిదానికీ జవాబు చెప్పాలనిపిస్తుందట నాకు. ఆ రోజు చదివింది మాత్రం నన్నే పేరు పెట్టి పిలిచినట్టుంది. కస్టమ్స్, వాణిజ్యం విషయాల్లో ప్రభుత్వానికి సలహాలిచ్చే సంఘం ఒకటి ఉందట. అది ఈసారి హైదరాబాదులో కాకుండా మహబూబ్‌నగర్‌లో కూర్చుంటుందట. విదేశాలకు సరుకు పంపేవాళ్లే కాదు, మామూలు ప్రజలెవరైనా సరే, వారం ముందు పేరు రాయించుకుంటే అయిదు నిమిషాలు మాట్లాడవచ్చట. ‘ఎవరైనా’ అన్న మాట కింద పెన్నుతో గట్టిగా గీత గీశాను. పేపరు కాలేజీదని అటెండరమ్మ గొణిగింది.

"అయిదు నిమిషాలా? నీకు దమ్ము తీసుకునేటందుకే సాలవు," అన్నాడు మా ఆయన.

నేను ఆ కాలేజీలో కామర్స్ చెప్తాను. సరుకు ఎట్లా పంపాలి, ఏ కాగితం మీద ఏం రాయాలి అన్నది నా పాఠమే. అందుకే నా కోపానికి అంత పొగరు.

అప్పటికి మా పార్శిలు విమానాశ్రయం గోదాములో పడి రెండు నెలలు దాటింది. అందులో ఉన్నవి గొంగళ్లు. మా పుట్టిన ఊరు మహబూబ్‌నగర్ నుంచి బస్సులో గంట ప్రయాణం. మావాళ్లవి కొన్ని మెట్ట చెలకలు, కొన్ని గొర్లు. మా నాయినకు అన్న, మా పెద్దబాపు, గొంగళ్లు నేస్తాడు. నేలలో తవ్విన గుంటే ఆయన మగ్గానికి ఆధారం. అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించి నేస్తాడు. ఒకప్పుడు మా వాడలో ఇంటింటికీ అట్లాంటి గుంట ఉండేది. ఉన్ని లేని గొర్లు వచ్చి మందల్లో కలిశాయి, సంతల్లో మెత్తటి రంగు దుప్పట్లు వచ్చాయి, ఒక్కొక్కరే గుంట పూడ్చి దాని మీద బండలు పరిచి టీవీ పెట్టుకున్నారు. పెద్దబాపు ఒక్కడే మిగిలాడు. ఆయన మగ్గానికి పదకొండు మంది ఆడవాళ్లు ఉన్ని వడుకుతారు. వాళ్లను ఒక సంఘంగా కూర్చింది నేను. విదేశంలో ఒక దుకాణంతో ఉత్తరాలు నడిపింది నేను. మొదటి రెండు పార్శిళ్లు సాఫీగా పోయాయి. మూడోది ఆగింది.

‘సరుకు ఏమిటో స్పష్టంగా లేదు, వివరణ ఇవ్వండి’ అని కస్టమ్స్ వాళ్ల నుంచి లేఖ వచ్చింది. గొంగడి అంటే ఏమిటో తెలియని వాళ్లు కూడా ఆఫీసర్లేనా అని నాకు మండింది. నాలుగు పేజీల జవాబు రాశాను. మా తాతలు వానలో దాన్ని ఎట్లా కప్పుకున్నారు, పెండ్లిలో దాని మీద ఎట్లా కూర్చున్నారు, అన్నీ రాశాను. వాళ్లు అడిగింది తప్ప.

పెద్దబాపు మాత్రం ఒక్కటే మాట అన్నాడు.

"గీ పార్శిలు ఎనక్కొచ్చిందనుకో బిడ్డా, గుంట పూడుస్త. మోకాళ్లు సుత మాట ఇంటలేవు. ఇగ సాలు."

ఆయన ఊరికే బెదిరించే మనిషి కాదు. గుంట పూడ్చేందుకు గోడ పక్కన మొరం మట్టి కూడా పోయించుకున్నాడు. ఊరికి పోయినప్పుడల్లా నేను మొదట ఆ మొరం కుప్ప వైపే చూసేదాన్ని, తగ్గిందా అని.

సమావేశానికి నా పేరు, పెద్దబాపు పేరు రాయించాను. ఆ సంగతి ఊళ్లో తెలిసింది. నా ఖర్మ, సమావేశం పెట్టింది కలెక్టరాఫీసు హాల్లో. మా ఊరివాళ్లకు ఆ భవనం అంటే సోమవారం ప్రజావాణి. అక్కడ పెద్ద టేబులు వెనక ఎవరు కూర్చున్నా సరే, వాళ్ల చేతికి దరఖాస్తు ఇవ్వాలి. ఉన్ని వడికే ఆడవాళ్లలో అందరికంటే పెద్దదైన అవ్వ ఒక కాగితం తెచ్చి నా సంచిలో పెట్టింది.

"గిదేందవ్వా?"

"పింఛన్ కాయితం. ఆరు నెలల సంది పడ్తలేదు. నువ్వు పోతున్నవు గదా."

"అది గట్లాంటి మీటింగ్ కాదవ్వా. ఇమానాల్ల, ఓడల్ల పోయే సామాన్ల ముచ్చట."

"సర్కారోల్లే గదా కూసునేది?"

"సర్కారోల్లే."

"మరింకేంది? సర్కారుకు రెండు మొకాలున్నయా?"

విసుక్కుంటూనే ఆ కాగితం సంచిలో ఉంచాను. తెల్లారేసరికి దాని మీద పాసుబుక్కులో పేరు తప్పు ఒకటి, బోరుకు కరెంటు ఒకటి, దవాఖానలో డాక్టరు లేడని ఒకటి, ఇంకా అట్లాంటివే మూడు చేరాయి. సమావేశం నాడు ఆ కాగితాలతోపాటు వాటి మనుషులు కూడా బస్సెక్కారు. ఏడుగురు. లోపలికి పోవడానికి పేరున్నది ఇద్దరికే. గేటు దగ్గర పది నిమిషాలు వాదించాను. ‘ఎవరైనా’ అని పేపర్లో పడ్డ ముక్క చించి తీసుకుపోయాను గనక సరిపోయింది. వెనక కుర్చీల్లో కూర్చోవచ్చు, మాట్లాడకూడదు అన్నారు.

"మాట్లాడనియ్యకపోతే పిలుసుడెందుకు?" అంది అవ్వ, అందరికీ వినబడేలా.

టేబులు చుట్టూ పది మంది దాకా ఉన్నారు. అధ్యక్షురాలు నా వయసు అధికారిణి, కళ్లద్దాలు ముక్కు చివరన. ఆమెకు రెండు వైపులా బియ్యం ఎగుమతి చేసే ఒకాయన, మందుల ఫ్యాక్టరీ మనిషి, పార్శిళ్లు పంపే ఏజెంట్ల తరఫున ఇద్దరు. ముద్రించిన కార్యక్రమంలో మా అంశం చిట్టచివరన ఉంది, ‘ఇతరములు’ అని. పైన పదకొండు అంశాలు. కంటైనర్లు, స్కానింగు మిషన్లు, వెనక్కి రావలసిన సుంకం, గోదాము పని గంటలు. ఒక్కో అంశం పూర్తయిందనుకునే లోపు మళ్లీ ఎవరో "ఇంకొక్క మాట" అనేవాళ్లు. నేను రెండుసార్లు లేచి కూర్చున్నాను. మూడోసారి నీళ్లు తాగి వచ్చాను. నాలుగోసారి లేవబోతే పెద్దబాపు కొంగు పట్టి లాగాడు.

"జర కుదురుగ కూసో బిడ్డా. కుర్చీల ముండ్లున్నయా?"

"మనదాక రానిస్తరా వీళ్లు?"

"రాకుంటే నువ్వు ఊకుంటవా? గా సంగతి వాళ్లకింకా ఎర్క లేదు."

భోజనాల వేళ దాటింది. మా వెనక ఎవరో సద్ది విప్పారు. హాలంతా మామిడికాయ తొక్కు వాసన. అప్పుడు పిలిచారు.

నాకిచ్చింది అయిదు నిమిషాలు. ఎంతసేపు మాట్లాడానో నాకు తెలియదు, అధ్యక్షురాలు రెండుసార్లు గడియారం చూసింది. పల్లెలో చేసిన వస్తువంటే ఆఫీసులకు చులకన అన్నాను. గొంగడి తెలియని వాళ్లు గొంగడిని ఆపడమేమిటన్నాను. మధ్యలో బియ్యం ఆయన నవ్వుతూ అడిగాడు.

"ఏమనుకోకండమ్మా, విదేశాల్లో వాళ్లు గొంగడి ఏం చేసుకుంటారు?"

"మీ బియ్యం తీసుకపోయి ఏం వండుకుంటరో మేమడిగినమా సార్? కొన్నోల్ల ఇష్టం. మీరెందుకు అడగాలె?"

వెనక మావాళ్లు చప్పట్లు కొట్టారు. నేను గెలిచాననుకున్నాను.

అధ్యక్షురాలు మాత్రం నవ్వలేదు. ఫైలు తెరిచి మూడు కాగితాలు పక్కపక్కన పెట్టింది. "మీరన్నది నిజమే అమ్మా. కొన్నవాళ్లు ఏం చేసుకుంటారో మాకు అక్కర్లేదు. కానీ ఈ కాగితాల్లో రాసింది అదే. మొదటి పార్శిలులో తివాచీ అని ఉంది. రెండోదాంట్లో శాలువా. మూడోదాంట్లో కంబళి. కొలత ఒకటే, బరువు ఒకటే, పంపింది మీ సంఘమే. ఒక్క వస్తువుకు మూడు పేర్లుంటే ఆపక ఏం చేస్తారు? వివరణ అడిగితే చరిత్ర పంపారు."

మొదటిసారి దుకాణంవాళ్లు నేల మీద పరుచుకోవడానికి కావాలని రాశారు. నేను తివాచీ అని రాశాను. రెండోసారి భుజాల మీద వేసుకోవడానికన్నారు, శాలువా అన్నాను. మూడోసారి చలికాలం అన్నారు. ప్రతిసారీ చాలా తెలివిగా రాస్తున్నాననే అనుకున్నాను. పక్కన పెట్టి చూసుకోలేదు. ఎవరినీ అడగలేదు. నాకు చెప్పేవాళ్లెవరు అనుకున్నాను.

పెద్దబాపు లేచాడు. భుజం మీది గొంగడి సర్దుకుని చేతులు జోడించాడు.

"మేడమ్, గది ఏజెంటు చేసుంటడు. మా బిడ్డ కాలేజీల గీ కాయితాల సదువే చెప్తది. అసొంటి తప్పు రాయది."

ఏజెంటు. ఆ మాట ఎంత సుఖంగా ఉందో చెప్పలేను. మా పార్శిళ్లు తీసుకుపోయే మనిషి ఆ హాల్లో లేడు. కాదనేవాడు లేడు. ఇక్కడి నుంచి నేనింకా గట్టిగా అరవవచ్చు, పల్లెవాళ్లను ఏజెంట్లు ఎట్లా ముంచుతున్నారో చెప్పవచ్చు, ఆ ఇద్దరు ఏజెంట్ల వైపు వేలు కూడా చూపవచ్చు. మావాళ్లు మళ్లీ చప్పట్లు కొడతారు. అధ్యక్షురాలు కళ్లద్దాల మీది నుంచి నన్నే చూస్తోంది. పెద్దబాపు ఇంకా చేతులు జోడించుకునే నిలబడ్డాడు, నా కోసం.

"మూడూ నేనే రాసిన మేడమ్," అన్నాను.

నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. పెద్దబాపు నా వైపు తిరగలేదు. చేతులు మాత్రం దించాడు.

అధ్యక్షురాలు ఫైలు మూసింది. "ఇది సలహాలిచ్చే సంఘం అమ్మా, పార్శిలు విడిపించే అధికారం మాకు లేదు. అది వెనక్కి రావచ్చు కూడా. ఈసారి మాత్రం దేనితో చేశారు, ఎట్లా నేశారు అన్నది రాయండి. ఒకటే రాయండి, ప్రతిసారీ అదే రాయండి." తర్వాత పెన్ను పట్టుకుంది. "ఇంతకూ మీ సలహా ఏమిటి?"

తిట్లు తప్ప నేను సలహా తెచ్చుకోలేదు. ఆ నిమిషంలో తోచింది చెప్పాను. ఈ ఫారాలు ఎట్లా నింపాలో తెలుగులో ఒక్క పేజీ వెయ్యమన్నాను, వస్తువు చేసినవాడికి చదివి వినిపిస్తే అర్థమయ్యేట్టు. గుమాస్తా రాసుకున్నాడు. ఒక్క వాక్యం. బియ్యం ఆయన తల ఊపాడు, మాకూ కావాలి అన్నట్టు.

"ఇంకెవరైనా ఉన్నారా?" అని అధ్యక్షురాలు మామూలుగా అడిగింది. అవ్వ నా సంచిలోంచి కాగితం లాక్కుని నేరుగా టేబులు దగ్గరికి నడిచింది. అధ్యక్షురాలు ఆ పింఛను దరఖాస్తు మొత్తం చదివి, ఏ గదికి పోవాలో పైన రాసి ఇచ్చింది. మిగిలిన ఆరుగురూ అవ్వ వెనక వరస కట్టారు.

తిరుగు బస్సులో పెద్దబాపు కిటికీ వైపు కూర్చున్నాడు. టికెట్టు తీసుకున్నాడు, గొంగడి మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు, ఊరు వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. నేను మూడుసార్లు నోరు తెరిచి మూసుకున్నాను. నా జన్మలో అంతసేపు నోరు మూసుకున్నది ఆ రోజే.

పార్శిలు వెనక్కే వచ్చింది. రెండు వారాల తర్వాత కాలేజీ అడ్రసుకు తెచ్చి పడేశారు. దాన్ని ఆటోలో వేసుకుని ఊరికి పోయాను. దారి పొడుగునా ఏం చెప్పాలో సాధన చేశాను, ఏదీ నచ్చలేదు. వాకిట్లోకి పోగానే గోడ పక్కన చూశాను. మొరం సగానికి సగం లేదు.

"గా మొరమేమాయె?" అన్నాను, పలకరింపు కూడా లేకుండా.

"గొర్ల దొడ్ల బురదైతుంటే పోసిన. ఆ మూట యాడ పెడ్తవు? లోపటికి పట్టుకరా."

ఆయన గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. పార్శిలు విప్పి గొంగళ్లు ఒక్కొక్కటీ వెలుగులో పట్టి చూశాడు, పురుగు పట్టిందేమో అని. వాసన చూశాడు. పక్కన పెట్టాడు.

"పూడుస్తనంటివి గదా," అన్నాను.

"అన్న. తప్పు వాళ్లదనుకున్నప్పుడు అన్న. ఎయిర్‌పోర్టోల్లతోని నేనేం కొట్లాడ్త? వాళ్లదైతే పూడ్చి సల్లగ కూసుందును. తప్పు మనింట్లదే ఆయె. దిద్దుకుంటే అయిపోతది."

"బస్సుల మాట్లాడకపోతివి."

"ఏం మాట్లాడాలె? అందరి ముంగట నీ తరఫున లేసి చేతులు జోడిస్తి. నీ మొకం సూడబుద్ధి కాలే. ఇగ ఆ ముచ్చట ఇడువు. కాయితం తియ్యి. నేను చెప్త, నువ్వు రాయి. నీ తెలివి పెట్టకు."

చాప మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాను. గొర్రె ఉన్ని, కడిగి ఆరబెట్టింది. చేత్తో వడికిన దారం. గుంట మగ్గం మీద నేసింది. చింతగింజల గంజి పట్టించింది. నాలుగు వరసలు రాసి చదివి వినిపించాను. ఆయన పేక ఆపి విన్నాడు.

"ఏ గొర్రె?"

"గొర్రె అంటే సాలు పెద్దబాపు. ఏ గొర్రె అని వాళ్లడగరు."

"నల్లగొర్రె. మన ఊరి నల్లగొర్రె అని రాయి."

"ఊరి పేరు ఎందుకు దాంట్ల? కస్టమ్స్ వాళ్లకు అక్కర్లేదు."

"మల్ల మొదలువెట్టినవా? ఎవలకు ఏం కావాల్నో నువ్వే అనుకునుడు."

రాశాను. మా ఊరి నల్లగొర్రె ఉన్ని అని, అక్షరం అక్షరం. ఇంకోసారి చదివించుకుని, సంతకం పెట్టమన్నాడు. తర్వాతి నెల ఆ గొంగళ్లు ఆ కాగితంతోనే పోయాయి. ఊరి పేరు ఎందుకని అక్కడ ఎవరూ అడగలేదు.